కొమ్ముపిడి చాకు

సుకాంతీ, ముందు దాన్ని నేలమీద పెట్టు.
చేతి నుంచి చేతికి ఇనుం ఇస్తే
మాటామాటా పెరుగుతుందంటారు.
నిజమో కాదో నాకు తెలీదు,
చెయ్యి తెగకుండా ఉంటుంది, అది చాలు.
మడిచే పెట్టు.
ఇప్పుడు నేను తీసుకుంటాను.

చూడు, గోరుగాటులో బొటనవేలి గోరు.
మిగతా వేళ్లు పిడి వీపున, నోటి దగ్గర కాదు.
దీనికి గొళ్లెం లేదు.
వీపున ఉన్న పలక స్ప్రింగే దీని మర్యాద.
ముక్కుతో గట్టిగా పొడిచావా
ఆ మర్యాద మరిచి నీ వేళ్లమీదే మూసుకుంటుంది.
ఇదిగో, చూపుడువేలి రెండో కణుపు మీద తెల్లగీత:
పర్లాకిమిడి ఆసుపత్రిలో మూడు కుట్లు.
నాకప్పుడు పందొమ్మిది,
మైనం డబ్బా మూతని చాకు ముక్కుతో లేపబోయాను.
తవిటమ్మ తిట్టలేదు.
"సాకు సాకేనే, గునపం గాదు" అని
నా చేతికి గుడ్డ చుట్టి
ఆనక కూర్చుని చాకు కడిగింది,
ముడుకు సందులో నెత్తురు పోయేదాకా.
అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

మొద్దు చాకు సాధువనుకోకు.
తెగని చోట జారుతుంది,
జారింది ఎటు పోతుందో దానికే తెలీదు.
సానరాయి తడుపు.
వీపుకింద రెండు రూపాయి బిళ్లలు పట్టేంత ఎత్తు,
అంతే, ఆ ఎత్తు తప్పకుండా పదిసార్లు ఇటు, పదిసార్లు అటు.
ఆఖర్న పాత తోలుచెప్పు మీద వెనక్కి లాగు.
పదును చూడాలంటే వేలు అడ్డంగా, ఆనీ ఆనకుండా.
అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ జరపకు.

జీడికొమ్మ కోసిన రోజు కిరసనాయిలు గుడ్డ మరవకు.
ఆ సొన రాత్రికి రాత్రే నల్లగా కరుచుకుపోతుంది.
ముడుకులో కుట్టుమిషను నూనె, ఒకే చుక్క.
నువ్వులనూనె వద్దు,
జిగురై మన ఎర్రమట్టినంతా పిలిచి కూర్చోబెడుతుంది.
గాడిలో జేబు పీచు ఉంటే వెదురుపుల్లతో తీసెయ్యి.

ఈ పిడి భాగీరథి మహారణా వేసింది.
కొమ్ముని కాచి, నొక్కి కొంగల్ని చేసేవాడు.
మెడ విరిగి అమ్ముడుపోని కొంగ ఒకటి ఉంటే
దాని రెండు రెక్కలూ కోసి అటొకటి ఇటొకటి బిగించాడు.
"బైశాఖొరే తేలొ దెబు" అన్నాడు,
కొబ్బరినూనె పెట్టకపోతే ఎండకి కొమ్ము పగులుతుందట.
ఆయన లేడిప్పుడు. ఏటా పెడుతూనే ఉన్నాను.

ఎన్నికల నెలలో ఒకసారి
పాతపట్నం దారిలో బస్సు ఆపి సంచీలు చూశారు.
"ఏఇటా కొణొ?" అన్నాడు కానిస్టేబులు.
మడిచే బల్లమీద పెట్టాను.
తియ్యమంటే తీసి, అంచు నావైపు, పిడి ఆయనవైపు తిప్పి
మళ్లీ బల్లమీదే పెట్టాను.
ఆయన పట్టుకున్నాడు, వాసన చూశాడు.
అప్పటిదాకా ఒడియా, వాసన తగిలాక తెలుగు:
"మా పెరట్లో మామిడి ఏడేళ్లయింది, పూతే లేదు. ఏటి సెయ్యాలి?"
బస్సు హారన్ కొడుతూనే ఉంది,
నేను కొమ్మకత్తిరింపు గురించి చెబుతూనే ఉన్నాను.
కాసిందో లేదో, మళ్లీ ఆ మనిషి కనపడలేదు.

సరే, ఈ పుల్ల పట్టుకో.
కోత నీ నుంచి అవతలికి,
ఒకటే లాగు, ఆగితే మెట్టు పడుతుంది,
మెట్టు పడిన చోట అంటు అతకదు.
చేయి జారి చాకు పడితే
పట్టుకోవద్దు. విన్నావా? పట్టుకోవద్దు.
కాళ్లు వెనక్కి తీసి పడనియ్యి.
ముక్కు విరిగితే మళ్లీ అరగదీసుకుందాం.
నవ్వకు, అందరి చెయ్యీ ముందుకే పోతుంది.

ఇదిగో, నేలమీద పెట్టాను. తీసుకో.

ఆగాగు.
నీది ఎడంచేతివాటమా?
గోరుగాటు నీకు అవతలి పక్కన పడింది.
తవిటమ్మ ఇది నాకు చెప్పలేదే.
మూసెయ్యి, అరచేత్తో, వేళ్లు తీసి.
ఇటొచ్చి నా పక్కన కూర్చో,
ఎలాగో చూద్దాం.